టూరింగ్ క్యారవాన్‌లో కరెంటు: 230 వోల్టులు, 12 వోల్టులు – ప్రాజెక్టు డైరీ

బండి 2004 మోడల్, బ్రిటన్‌లో తయారైంది. ఒకే ఇరుసు, నాలుగు పడకలు. తెలుగులో క్యారవాన్ అనగానే షూటింగ్ స్పాట్‌లో హీరోలు కూర్చునే బస్సు గుర్తొస్తుంది. ఇది అది కాదు. దీనికి ఇంజను ఉండదు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు ఇది.

ఫిర్యాదులు మూడు. 10 ఆంపియర్ల సైట్లలో (బండ్లు నిలుపుకునే క్యాంపు స్థలాల్లో) అరగంటకోసారి కరెంటు పోతోంది. హుకప్ (సైటు స్తంభం నుంచి బండికి కరెంటు తెచ్చే కేబుల్ కనెక్షన్) లేని చోట బ్యాటరీ ఒక్క రాత్రి కూడా నిలవట్లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన పాలు దారిలోనే విరుగుతున్నాయి. ఈ మూడు చోట్లా మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ బాగానే కనిపించింది. లోడు లేకుండా కొలిస్తే ఎక్కడైనా బాగానే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ముఖ్యమైన ప్రతి కొలతనూ రెండుసార్లు తీశాం: ఏమీ నడవనప్పుడు ఒకసారి, లోడు పెట్టి ఒకసారి.

230 వోల్టుల వైపు మూత తీసే ముందు హుకప్ కేబుల్ పీకి పక్కన పెట్టండి. బ్రేకరు దించితే చాలనుకోవద్దు. తీశాక టెస్టర్‌తో ముందు ప్రాణమున్న (కరెంటు ఉన్న) సాకెట్ మీద, తర్వాత బండిలో, మళ్లీ ప్రాణమున్న సాకెట్ మీద చూడండి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే తెలియాలి కదా. ఈ పద్ధతి చేతికి అలవాటు లేనివాళ్లు దశ 1ని ఎలక్ట్రీషియన్‌కి వదిలేసి దశ 2 నుంచి చేసుకోవచ్చు.

దశ 0: పనిముట్లు, బొమ్మ

కొన్నవి:

1. డీసీ కూడా కొలిచే క్లాంప్ మీటర్ – 42 పౌండ్లు. చవక టాంగ్ టెస్టర్లు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. 12 వోల్టుల తీగకు తగిలిస్తే సున్నా చూపిస్తాయి, మనం లోడు లేదనుకుంటాం.
2. ప్లగ్గులో గుచ్చే ఎనర్జీ మీటర్లు రెండు – 24 పౌండ్లు. వోల్టులు, వాట్లు చూపిస్తాయి. ప్రాణమున్న చోట ప్రోబులు పెట్టే పని తప్పుతుంది.
3. పోలారిటీ (ఫేజు, న్యూట్రలు సరైన చోట ఉన్నాయా అనేది) చూపించి, ఆర్‌సీడీని (కరెంటు ఎర్తులోకి లీకైతే సరఫరా తెంపే స్విచ్చుని) కూడా పరీక్షించే సాకెట్ టెస్టర్ – 30 పౌండ్లు.
4. రాచెట్ క్రింపింగ్ టూలు – 25 పౌండ్లు. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) ఏడాది తిరక్కుండా వదులవుతుంది.

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) అరువు తెచ్చాం. వీటితో పాటు పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి, 12 వోల్టులు 55 వాట్లది, రెండు తీగలు అతికించి పెట్టుకున్నాం. ఈ డైరీలో ఎక్కువ పని చేసింది అదే.

ఇప్పటిదాకా ఖర్చు: 121 పౌండ్లు.

బొమ్మ గీసుకుంటే విషయం సులువు. బండిలో రెండు కరెంటులు. ఒకటి సైటు పోస్టు (కరెంటు స్తంభం) నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ: 13 ఆంపియర్ల సాకెట్లు, గదిని వేడిచేసే హీటరు, గీజరు, ఫ్రిజ్‌లోని ఒక ఎలిమెంటు దాని మీద నడుస్తాయి. రెండోది బ్యాటరీ 12 వోల్టుల డీసీ: లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ హీటరు ఫ్యాను, టీవీ. ఈ రెండూ కలిసేది చార్జరు దగ్గర ఒక్కచోటే. ఫ్రిజ్‌కి రెండూ వెళ్తాయిగానీ దాని లోపల ఎలిమెంట్లు వేరు, తీగలు వేరు.

రంగుల గురించి ఒక మాట. మన ఊళ్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు చూసి పెరిగిన కళ్లు ఇక్కడ మోసపోతాయి. బండి 230 వైపు గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రలు, ఆకుపచ్చ-పసుపు ఎర్తు. 12 వోల్టుల వైపు రంగులు ఒక్కో తయారీదారువి ఒక్కో రకం, పైగా పాత యజమానులు దొరికిన తీగతో అతికేసిన ముక్కలు వేరే. రంగు చూసి కలపొద్దు, మీటరు పెట్టి కలపండి.

దశ 1: పోస్టు నుంచి సాకెట్ దాకా

హుకప్ కేబుల్ నారింజ రంగుది, 25 మీటర్లు, మూడు తీగలు, ఒక్కోటి 2.5 స్క్వేర్ ఎంఎం. రెండు చివర్లా నీలం రంగు 16 ఆంపియర్ల గుండ్రటి ప్లగ్గులు. కేబుల్ ఎంత మిగిలినా చుట్ట మీద ఉంచి వాడకూడదు. చుట్ట మధ్యలో వేడి బయటికి పోయే దారి ఉండదు, ఇన్సులేషన్ మెత్తబడి తీగలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మొత్తం విప్పి, బండి కింద వదులుగా పాములా పరవండి.

మొదటి కొలత ఇంటి దగ్గరే. ఒక ఎనర్జీ మీటరు కేబుల్ గుచ్చిన సాకెట్ పక్క సాకెట్లో, రెండోది బండి లోపల.

ఏమీ నడవనప్పుడు: ఇంట్లో 238, బండిలో 238.
2 కిలోవాట్ల హీటరు పెట్టాక (8.5 ఆంపియర్లు): ఇంట్లో 236, బండిలో 227.

9 వోల్టులు దారిలో పోయాయి. కేబుల్ వల్ల ఎంత పోవాలో లెక్క వేయొచ్చు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగకు మీటరుకు 0.007 ఓములు. పోనూ రానూ 50 మీటర్లు కాబట్టి 0.35 ఓములు. 8.5 ఆంపియర్లకు 3 వోల్టులు. మిగతా 6 వోల్టులు ఏదో ఒక జాయింటులో కాలిపోతున్నాయి. 6 వోల్టులు, 8.5 ఆంపియర్లు అంటే 51 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి ఒక ప్లాస్టిక్ డబ్బాలో!

ఆ డబ్బా బండి గోడకున్న ఇన్‌లెట్. విప్పి చూస్తే ఫేజు స్క్రూ అర చుట్టు వదులుగా ఉంది. తీగ చివర నల్లబడి, గోధుమ రంగు ఇన్సులేషన్ ఒక అంగుళం మేర గట్టిపడి, వంచితే పెంకులా రాలింది. పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగింది. బండి కదులుతూ ఉంటే స్క్రూలు వదులవుతాయి. వదులైన చోట వేడెక్కుతుంది, వేడెక్కి చల్లారుతూ ఇంకాస్త వదులవుతుంది. దీనికి ఏ బ్రేకరూ పడదు. కరెంటు పెరగలేదు కదా, 8.5 ఆంపియర్లే.

చేసిన పని:

1. తీగను మంచి రాగి కనిపించే దాకా కత్తిరించాం.
2. ఇన్‌లెట్ మొత్తం మార్చాం. మాడిన పిన్నుని గీకి శుభ్రం చేస్తే సరిపోదు.
3. ఆర్‌సీడీ, ఎంసీబీల్లో (బండిలోని చిన్న బ్రేకర్లలో) ప్రతి స్క్రూ బిగించాం. ఇంకో రెండు వదులుగా దొరికాయి.
4. మళ్లీ కొలిచాం: ఇంట్లో 236, బండిలో 232.6. పోయింది 3.4.

ఎర్తు

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆర్‌సీడీ మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. సాకెట్ టెస్టర్‌తో 30 మిల్లీఆంపియర్లకు 24 మిల్లీసెకన్లలో పడింది, పరిమితి 300. అంతా బాగున్నట్టే. కానీ బటన్ నొక్కడం వల్ల తెలిసేది ఆ డబ్బా లోపలి యంత్రం పని చేస్తోందని మాత్రమే. ఎర్తు తీగ తెగిపోయి ఉన్నా బటన్‌కి పడుతుంది. సాకెట్ టెస్టర్ కూడా ఆ సాకెట్ ఎర్తు సంగతే చెబుతుంది, బండి ఇనుప ఛాసిస్ సంగతి చెప్పదు.

కేబుల్ పీకి, ఇన్‌లెట్ ఎర్తు పిన్నుకీ ఛాసిస్‌కీ మధ్య కొలిస్తే 4.2 ఓములు. ఫ్లోరు కింద ఎర్తు తీగ బిగించిన బోల్టు తుప్పు పట్టి, లగ్గు చుట్టూ మట్టి పేరుకుని ఉంది.

మన ఇళ్లలో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలం నీళ్లు పోసి ఎర్తు కాపాడుకుంటాం. క్యారవాన్‌కి అలాంటిది లేదు. రబ్బరు టైర్ల మీద నిలబడిన ఇనుము అది. దానికున్న ఎర్తల్లా ఆ నారింజ కేబుల్‌లో మూడో తీగ. బయట తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకునే పిల్లవాడికి రక్షణ ఆ తీగ, ఆ బోల్టు.

4 స్క్వేర్ ఎంఎం తీగ, క్రింప్ చేసిన రింగు లగ్గు, స్టెయిన్‌లెస్ బోల్టు, పళ్ల వాషరు వేసి, ఛాసిస్ మీద గాల్వనైజింగ్ గీకి, బిగించాక పైన గ్రీజు రాశాం. ఇప్పుడు 0.08 ఓములు.

ఇంటి దగ్గర హుకప్ పెట్టేవాళ్లకి ఇంకొకటి. బ్రిటన్‌లో చాలా ఇళ్లకి పీఎంఈ సరఫరా: న్యూట్రలూ ఎర్తూ వీధి కేబుల్‌లో ఒకటే తీగ. వీధిలో ఆ తీగ తెగితే ఎర్తుకి తగిలించిన ఇనుమంతా, బండి ఛాసిస్‌తో సహా, షాక్ కొట్టే స్థితికి వస్తుంది. ఇంటి లోపల అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి తెలియదు. బయట మట్టి మీద నిలబడి బండి ముట్టుకుంటే తెలుస్తుంది. ఈ కారణంగానే 2002 నాటి విద్యుత్ భద్రత నిబంధనల్లో 9(4) క్యారవాన్ లోహ భాగాలకు ఆ ఉమ్మడి తీగను కలపడాన్ని నిషేధించింది. ఈ కొలతలు తీసిన ఇంటికి సొంత ఎర్తు రాడ్డు ఉంది. మీ ఇంటిది ఏ రకమో తెలియకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

మెగ్గర్

1. కేబుల్ పీకేయాలి. చార్జరు, టీవీ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువులన్నీ విడదీయాలి. 500 వోల్టులు వాటిని తినేస్తాయి.
2. ఫేజు, న్యూట్రలు కలిపి ఒక వైపు, ఎర్తు ఇంకో వైపు.
3. 1 మెగఓమ్ కంటే తక్కువ వస్తే ఆగి వెతకాలి.

వచ్చింది 0.6. ఒక్కో వస్తువూ విడదీస్తూ పోతే ఫ్రిజ్ తీసిన వెంటనే 200 దాటింది. ఫ్రిజ్ 230 ఎలిమెంటు చలికాలమంతా వాడకుండా ఉంటే లోపలి పొడి తేమ పీలుస్తుంది. వసంతంలో మొదటిసారి హుకప్ పెట్టగానే ఆర్‌సీడీ పడటానికి తరచూ ఇదే కారణం. ఎలిమెంటు కొనకముందు ఫ్రిజ్‌ని గ్యాస్ మీద ఐదు గంటలు నడిపాం. రెండు ఎలిమెంట్లూ గ్యాస్ పొయ్యి గొట్టం పక్కనే ఉంటాయి కాబట్టి ఆ వేడికి ఆరతాయి. మర్నాడు 18 మెగఓములు.

అరగంటకి పడే బ్రేకరు

పోస్టు 16 ఆంపియర్లదైతే 3,680 వాట్లు, 10 అయితే 2,300, 6 అయితే 1,380. ఈ బండిలో ఒక్కొక్కటి తీసుకునేది, ఆంపియర్లలో:

హీటరు 1 కిలోవాట్ మీద – 4.3, 2 కిలోవాట్ల మీద – 8.7
గీజరు 850 వాట్లు – 3.7
చిన్న కెటిల్ 1 కిలోవాట్ – 4.3
మైక్రోవేవ్ (వంటకి 700 వాట్లు ఇస్తుంది, గోడ నుంచి 1,150 లాగుతుంది) – 5.0
చార్జరు నిండుగా పనిచేసేటప్పుడు – 1.0
ఫ్రిజ్ – 0.5

హీటరు 2 మీద పెట్టి, గీజరు, చార్జరు, ఫ్రిజ్ నడిస్తే 13.9. 10 ఆంపియర్ల బ్రేకరు దీనికి వెంటనే పడదు. బ్రేకరులో వేడికి వంగే పట్టీ ఉంటుంది. 1.13 రెట్ల దాకా గంటసేపు భరించాలి, 1.45 రెట్లకి గంటలోపు పడాలి, మధ్యలో దాని ఇష్టం. 1.39 రెట్లకి ఇది అరగంట దాటాక పడుతోంది. అందుకే కారణం దొరకలేదు. పడిన క్షణంలో కొత్తగా ఎవరూ ఏ స్విచ్చీ వేయలేదు మరి. బండిలోని ఎంసీబీలు 6, 10, 16. ఒక్కో దారిలో లోడు దాని పరిమితి లోపలే ఉంది కాబట్టి అవి పడవు, పోస్టుదే పడుతుంది.

మార్చింది ఒక అలవాటు మాత్రమే. 10 ఆంపియర్ల సైటులో హీటరు 1 మీద ఉంటుంది. అప్పుడు మొత్తం 9.5. కెటిల్ పెట్టే ముందు గీజరు ఆపాలి. ఇంటి నుంచి తెచ్చిన 3 కిలోవాట్ల కెటిల్ ఒక్కటే 13 ఆంపియర్లు, దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

ఫ్రాన్స్, స్పెయిన్ వైపు వెళ్లేవాళ్లు పోస్టు దగ్గర ఫేజు, న్యూట్రలు తారుమారై దొరకడం చూస్తారు. వస్తువులు నడుస్తాయి. కానీ ఒకే ధ్రువం తెంపే స్విచ్చు అప్పుడు న్యూట్రలుని తెంపుతుంది, ఆపేసిన వస్తువులోనూ ఫేజు ఉండిపోతుంది. రెండు ధ్రువాలూ మార్చి కట్టిన పొట్టి అడాప్టర్ తీగ, దాని మీద పెద్ద అక్షరాలతో గుర్తు, సాకెట్ టెస్టర్ – ఈ మూడూ ఒకే సంచిలో ఉండాలి. టెస్టర్ తప్పు చూపిస్తే అడాప్టర్ వేయాలి, తిరుగు ప్రయాణంలో తీసేయాలి.

దశ 1 ఖర్చు: ఇన్‌లెట్ 18, ఎర్తు తీగ, లగ్గులు, బోల్టు 7, అడాప్టర్ సామాను 9. మొత్తం 34. ఇప్పటిదాకా: 155 పౌండ్లు.

దశ 2: బ్యాటరీ

బండితో వచ్చింది 110 ఏహెచ్ (ఆంపియర్-గంటల) లెడ్ యాసిడ్ లీజర్ బ్యాటరీ (బండి లోపలి వాడకానికి పెట్టేది), వయసు తెలియదు. రాత్రంతా చార్జ్ చేసి, మూడు గంటలు వదిలేసి కొలిస్తే 12.6 వోల్టులు. లెక్క ప్రకారం ఇది దాదాపు నిండు: 12.7 పైన నిండు, 12.4కి ముప్పాతిక, 12.2కి సగం, 12.0కి పావు.

ఇప్పుడు హెడ్‌లైట్ బల్బు. చార్జరు ఆపి, బల్బు నేరుగా ఫ్యూజు ద్వారా బ్యాటరీకి. 4.6 ఆంపియర్లతో మొదలు.

1 గంట: 12.2
4 గంటలు: 11.8
7 గంటలు: 11.3
9 గంటలు: 10.5, ఆపేశాం.

సగటున 4.5 ఆంపియర్లు, 9 గంటలు, దాదాపు 41 ఏహెచ్. మంచి 110 బ్యాటరీ ఈ బల్బుని రోజంతా మోయాలి. ఇది మోసింది 37 శాతం. వోల్టేజీ నీళ్ల మట్టం లాంటిది: కుండ అడుగున సగం దాకా మట్టి పేరుకున్నా పైన మట్టం నిండుగానే కనిపిస్తుంది. 10.5 దాకా దించడం బ్యాటరీకి మంచిది కాదు, అనుమానం తీర్చుకోవడానికి ఒక్కసారి చేయాలి అంతే.

మట్టి పేరుకోవడానికి కారణం చార్జరు. బండిలోది ఎప్పుడూ 13.8 వోల్టులే ఇచ్చే పాత రకం. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసిన వాళ్లకి తెలుసు, చార్జ్ చివర్లో దానిలో బుడగలు రావాలి. 14.4 దగ్గర కాసేపు ఉండకపోతే ప్లేట్ల మీద సల్ఫేటు పూర్తిగా కరగదు. అలాగని ఎప్పుడూ 14.4 ఉంటే నీళ్లు ఇంకిపోతాయి. ముందు 14.4, తర్వాత 13.6 ఇచ్చే దశల చార్జరు కావాలి.

చార్జరు మార్చే ముందు తీగలు చూశాం. చార్జరు దగ్గర 13.8, అదే క్షణంలో బ్యాటరీ కొమ్ముల మీద 13.3, క్లాంప్ మీటర్లో 12 ఆంపియర్లు. అర వోల్టు ఎక్కడ పోయిందో వెతికే పద్ధతి ఇది:

1. లోడు నడుస్తూ ఉండగా మీటరు తక్కువ డీసీ వోల్టుల రేంజిలో పెట్టండి.
2. ప్రోబులు ప్లస్సుకీ మైనస్సుకీ పెట్టొద్దు. ఒకే జాయింటుకి అటూ ఇటూ పెట్టండి.
3. మంచి జాయింటు దాదాపు ఏమీ చూపించదు. చెడ్డది తన వాటా తానే చెబుతుంది.

ఫ్యూజు హోల్డరు 0.24. మైనస్సు లగ్గు 0.12. తీగ (6 స్క్వేర్ ఎంఎం, రానూపోనూ 4 మీటర్లు) 0.14. కలిపితే 0.50, ఏమీ మిగల్లేదు. హోల్డరు విప్పితే 20 ఆంపియర్ల ఫ్యూజు బాగానే ఉంది, దాన్ని పట్టుకునే రేకులు నీలం రంగుకు తిరిగి, పక్క ప్లాస్టిక్ ఫ్యూజు ఆకారంలోనే కరిగి గడ్డకట్టింది. ఫ్యూజు కాలలేదు కాబట్టి అందరూ దాన్ని వదిలేశారు.

కొత్త హోల్డరుని బ్యాటరీ ప్లస్సుకి ఒక జాన దూరంలో పెట్టాం. ఫ్యూజు కాపాడేది తీగని. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగకి రక్షణ లేదు కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కొమ్ముల మీది తెల్ల-ఆకుపచ్చ పొడిని వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగాం. సోడా నీళ్లు సెల్ మూతల్లోకి పోకూడదు. తర్వాత: పోయింది 0.17.

బ్యాటరీ పెట్టెలో గాలి గొట్టం ఊడి పడి ఉంది. చార్జ్ చివర్లో వచ్చే బుడగలు హైడ్రోజన్, గొట్టం బయటికి వెళ్లకపోతే అది మంచం కింద చేరుతుంది. గొట్టం తగిలించాం. విప్పేటప్పుడు చార్జరు ఆపి ముందు మైనస్సు, బిగించేటప్పుడు ఆఖర్న మైనస్సు. అప్పుడు పానా ఛాసిస్‌కి తగిలినా నిప్పు రవ్వ రాదు.

లిథియం ఎందుకు కాదు? బరువు సగం, దాదాపు మొత్తం వాడుకోవచ్చు, అది నిజం. కానీ సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, ఈ బండి బ్రిటన్ చలికాలంలో ఆరుబయట ఉంటుంది. పైగా కారు నుంచి వచ్చే తీగకి వేరే డీసీ-డీసీ చార్జరు (కారు వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) కావాలి. రోజుకి ఎంత వాడుతున్నామో తెలియకుండా ఆ డబ్బు పెట్టడం తొందరపాటు. కొత్త 110 లెడ్ యాసిడ్ కొన్నాం.

దొంగ వాడకం

అన్నీ ఆపేసి, మైనస్సు తీగ విప్పి, మధ్యలో మీటరు 10 ఆంపియర్ల రేంజిలో: 0.13 ఆంపియర్లు. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే రేడియో 0.045, టీవీ యాంటెనా బూస్టరు 0.04, అలారం 0.025, కంట్రోల్ ప్యానెల్ 0.02. రోజుకి 3.1 ఏహెచ్. 110లో వాడదగ్గ సగం 55, అంటే నిలబడి ఉన్న బండి పదిహేడు రోజుల్లో తనని తాను తినేస్తుంది. రేడియోకి స్విచ్చు పెట్టాం, బూస్టరు స్విచ్చు కప్‌బోర్డు వెనక దొరికింది. ఇప్పుడు 0.045, రోజుకి 1.1.

హుకప్ లేని రోజు లెక్క, ఏహెచ్‌లో:

లైట్లు, 10 వాట్ల హాలోజన్లు ఐదు, 4 గంటలు – 16.7
అవే 2 వాట్ల ఎల్‌ఈడీలైతే – 3.3
గ్యాస్ హీటరు ఫ్యాను, 5 గంటలు – 6
టీవీ, 2 గంటలు – 4
ఫోన్లు రెండు – 3
నీళ్ల పంపు, 20 నిమిషాలు – 1.2
దొంగ వాడకం – 1.1

హాలోజన్లతో రోజుకి 32, రెండు రాత్రులకి 64, సగం దాటిపోతుంది. ఎల్‌ఈడీలతో 18.6, రెండు రాత్రులకి 37. బల్బులు మార్చడమే రెండో రాత్రిని ఇచ్చింది.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. మొదట కొన్న ఎనిమిది ఎల్‌ఈడీల మీద ఉత్త "12 వోల్టులు" అని ఉంది. కొత్త చార్జరు 14.4 ఇస్తుంటే మూడు రెండో వారంలోనే మిణుకుమన్నాయి. 10–30 వోల్టులు అని రాసి ఉన్నవే కొనండి.

ఫ్రిజ్‌ని బ్యాటరీ మీద నడపాలని ఎవరూ అనుకోవద్దు. 12 వోల్టుల ఎలిమెంటు 135 వాట్లు, 11 ఆంపియర్లు. 55 ఏహెచ్ ఐదు గంటల్లో ఖాళీ. అది ఇంజను నడుస్తున్నప్పటికే. ఆగాక గ్యాస్ లేదా హుకప్.

దశ 2 ఖర్చు: బ్యాటరీ 105, చార్జరు 138, హోల్డరు 6, ఎల్‌ఈడీలు రెండుసార్లు కలిపి 44. మొత్తం 293. ఇప్పటిదాకా: 448 పౌండ్లు.

దశ 3: కారు నుంచి వచ్చే తీగ

ఈ వయసు బండికి రెండు ఏడు పిన్నుల ప్లగ్గులు. నల్లది రోడ్డు లైట్లకి, రెండోది లోపలి సరఫరాకి. రెండోదానిలో పిన్ 4 ఎప్పుడూ ఉండే ప్లస్సు, దాని తిరుగు తీగ 3. ఫ్రిజ్‌ది 6, దాని తిరుగు తీగ 7.

ఇంజను నడుస్తుండగా ప్లగ్గులో 6కీ 7కీ మధ్య: 13.9.
ఫ్రిజ్ 12 మీద పెట్టి, ఫ్రిజ్ వెనక టెర్మినల్స్ మీద: 10.7.

10 ఆంపియర్లకి 3.2 వోల్టులు పోయాయి. వోల్టేజీ తగ్గితే వేడి దాని వర్గం చొప్పున తగ్గుతుంది: 135 వాట్ల ఎలిమెంటు ఇక్కడ 107 ఇస్తోంది. పాలు విరగడానికి అది చాలు.

కారులో తీగ 1.5 స్క్వేర్ ఎంఎం, రానూపోనూ 10 మీటర్లు: 1.2 వోల్టులు. బండిలో 2.5, రానూపోనూ 12 మీటర్లు: 0.8. మిగతా 1.2 కాంటాక్టులది. జాయింటు పద్ధతిలో చూస్తే పిన్ 7 దగ్గరే 0.7, దాని లోపలి స్క్రూ పచ్చగా తుప్పు పట్టింది. చాలామంది ప్లస్సు వైపే వెతికి వదిలేస్తారు. వెళ్లిన కరెంటంతా మైనస్సు మీదుగానే తిరిగి రావాలి.

కారు వైపు 4 స్క్వేర్ ఎంఎం వేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాం. రెండు పాత ప్లగ్గులు తీసి, 2008 నుంచి కొత్త బండ్లకి వస్తున్న 13 పిన్నుల ప్లగ్గు వేశాం:

1 ఎడమ ఇండికేటరు, 2 వెనక ఫాగ్ లైటు, 3 ఒకటి నుంచి ఎనిమిది దాకా తిరుగు తీగ, 4 కుడి ఇండికేటరు, 5 కుడి వెనక లైటు, 6 బ్రేకు, 7 ఎడమ వెనక లైటు, 8 రివర్సు, 9 ఎప్పుడూ ఉండే ప్లస్సు, 10 ఇంజనుతో వచ్చే ప్లస్సు (ఫ్రిజ్), 11 పదికి తిరుగు తీగ, 12 ఖాళీ, 13 తొమ్మిదికి తిరుగు తీగ.

3, 11, 13 మూడూ మైనస్సులే కదా అని బండిలో కలిపేయకూడదు. పాతవాళ్లు ఫ్లోరు కింద వాటిని ఒకే స్క్రూకి బిగించారు. ఫ్రిజ్ 10 ఆంపియర్లు రోడ్డు లైట్ల సన్నటి తిరుగు తీగలోకి కూడా దూరి, బ్రేకు నొక్కినప్పుడల్లా ఇండికేటరు వెలుగు తగ్గేది. విడదీశాక ఆగింది.

మార్చాక: ఫ్రిజ్ దగ్గర 12.1 వోల్టులు, 11.3 ఆంపియర్లు, 137 వాట్లు.

ఇంజను వేయగానే బండి లోపలి లైట్లు ఆరిపోతే తప్పు వెతకొద్దు. ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కావాలనే వాటిని తెంపుతుంది, అదే సమయంలో ఫ్రిజ్‌కి దారి ఇస్తుంది. ఇంజను నడిచినా ఆరకపోతేనే రిలే చూడాలి. కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటరు (ఇంజను తిప్పే జనరేటరు) వోల్టేజీ తగ్గిపోతూ ఉంటుంది, అలాంటి కారుకి ఎంత లావు తీగ వేసినా బ్యాటరీ నిండదు, మధ్యలో డీసీ-డీసీ చార్జరు పెట్టాలి. ఈ కారు పాతది, కాబట్టి అవసరం పడలేదు.

దశ 3 ఖర్చు: తీగ 22, ప్లగ్గూ సాకెట్టూ 30, లగ్గులు, ఫ్యూజు 6. మొత్తం 58. ఇప్పటిదాకా: 506 పౌండ్లు.

దశ 4: పరీక్ష

హుకప్ లేని పొలంలో రెండు రాత్రులు. మూడో రోజు పొద్దున అన్నీ ఆపి రెండు గంటల తర్వాత 12.37. లెక్క ప్రకారం మూడింట రెండు వంతులు మిగలాలి, అంతే మిగిలింది. తర్వాత 10 ఆంపియర్ల సైటులో హీటరు 1 మీద రాత్రంతా: బ్రేకరు పడలేదు. పొద్దున ఇన్‌లెట్ మూత మీద, ఫ్యూజు హోల్డరు మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా లేవు.

మిగిలినవి: మోటార్ మూవర్ (కారు లేకుండా బండిని కదిపే మోటారు). మామూలు నేల మీద 20–30 ఆంపియర్లు, ఎత్తు ఎక్కేటప్పుడు 100 దాకా లాగుతుంది. దాని తీగకి వేరే ఫ్యూజు, వేరే ఐసొలేటరు (పూర్తిగా తెంపే స్విచ్చు). కొలత మాత్రం వాలు మీద, బండి కదులుతుండగా తీయాలి.